నాలుగో అంతస్తు, రెండు పిల్లులు: తెల్లవారేదాకా ఏది ఆగుతుంది, ఏది ఆగదు

కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తు ఫ్లాటులో అత్తగారితో, ఆరో తరగతి చదివే బాబుతో, రెండు పిల్లులతో ఉంటున్న మీకు ఏడాది తిరగకుండానే నాలుగు ఆపదలు వచ్చాయని రాశారు. శ్రావణ మాసంలో ఆడ పిల్లి సిరి వరలక్ష్మీ వ్రతం నాటి తోరాన్ని మింగి ఆపరేషన్ దాకా వెళ్లింది. దసరా సెలవుల్లో మగ పిల్లి బబ్లూ పావురం మీదికి దూకబోయి బాల్కనీ నుంచి పార్కింగ్ సిమెంటు నేల మీద పడింది. సంక్రాంతికి ముందు అదే పిల్లికి మూత్రం బంధించి ప్రాణం మీదికి వచ్చింది. మూడు రోజుల కిందట, కిటికీ దగ్గర కూర్చున్న బబ్లూను బాబు ఎత్తుకోబోతే అది చెయ్యి కరిచింది. ఇన్ని జరగడానికి మా లోపం ఎక్కడుంది, రాత్రివేళ ఏదైనా జరిగితే ఏది తెల్లవారేదాకా ఆగవచ్చు, ఆడపడుచు పురిటికి రాబోతున్నది గనుక రెండింటినీ ఊరికి పంపేద్దామని అత్తగారు అంటున్నారు, అది సరైనదేనా అని మీరు అడిగారు.

ముందుగా బాబు సంగతి చెబుతాను. మిగిలినవి జరిగిపోయినవి, ఇది ఇంకా నడుస్తున్నది. పంటి గాటు లోతుగా దిగి రక్తం వచ్చిందనీ, అత్తగారు పసుపూ సున్నమూ కలిపి అద్దారనీ, మరునాడు ప్రభుత్వ ఆసుపత్రిలో మొదటి సూది వేయించారనీ, పిల్లికి చిన్నప్పుడు ఒకసారి రేబిస్ టీకా వేయించి ఉన్నందున మిగతా సూదులు అవసరమా అనీ అడిగారు. అవసరమే. చిన్నప్పుడు ఒక్కసారి వేయించి ఆ తరువాత ఏటేటా వేయించని టీకాను నమ్ముకుని మనిషికి చికిత్స ఆపడం తగదు. చర్మం చీల్చుకుని రక్తం వచ్చిన కాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడో తరగతి గాయంగా లెక్కిస్తుంది. ఈ తరగతిలో టీకాతో పాటు గాయంలోకి, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్ క్రిమిని వెంటనే అడ్డుకునే, సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల మందు) కూడా ఎక్కించాలి. మొదటి రోజు అది ఇవ్వకపోయి ఉంటే, మొదటి టీకా వేసిన ఏడు రోజుల లోపు ఇవ్వవచ్చు. ఆ గడువు దాటితే ఇచ్చి ప్రయోజనం లేదు. కాబట్టి ఇది చదవగానే ఓపీ చీటీ బయటికి తీసి, ఆ మందు ఇచ్చినట్టు రాసి ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఈ రోజే ఆసుపత్రికి వెళ్లి అడగండి. మొదటి సూది వేసిన రోజును 0గా లెక్కపెట్టి, చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే టీకా 0, 3, 7, 28 రోజుల్లోనూ, కండలోకి వేసే పద్ధతిలో అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లోనూ పడాలి. కరిచిన నాటి నుంచి పది రోజుల పాటు బబ్లూను గడప దాటనివ్వకుండా గమనించండి. ఆ పది రోజులూ అది తిండి తింటూ మామూలుగా ఉంటే, చివరి మోతాదు వేయాలా వద్దా అన్నది బాబును చూస్తున్న వైద్యుడు నిర్ణయిస్తారు.

పసుపు, సున్నం, కారం, కాఫీ పొడి, ఇవేవీ కాటు మీద వేయకూడదు. కుళాయి కింద ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం ఒక్కటే ఇంట్లో చేయవలసిన పని, అదీ వెంటనే చేయవలసిన పని. మన పెద్దవాళ్లు ఆసుపత్రికి జంకడానికి బొడ్డు చుట్టూ వేసే పద్నాలుగు సూదుల జ్ఞాపకం ఒక కారణం. గొర్రె మెదడు కణజాలంతో తయారయ్యే ఆ పాత టీకా తయారీని మన దేశంలో 2004 చివర్లోనే నిలిపివేశారు. ఇప్పటి సూదులు జబ్బకే వేస్తారు, ఆ నొప్పీ లేదు, ఆ దుష్ఫలితాలూ లేవు. అత్తగారికి ఈ సంగతి నిదానంగా చెప్పండి, ఎందుకంటే ఇంట్లో మొదట గాయాన్ని చూసేది సాధారణంగా ఆవిడే.

రేబిస్ సంగతి అలా ఉంచితే, పిల్లి కాటులో మరో చిక్కు ఉంది. కుక్క పన్ను చర్మాన్ని చీలుస్తుంది గనుక గాయం తెరుచుకుని కనిపిస్తుంది; పిల్లి కోర సన్నగా ఉండి లోతుగా దిగుతుంది, పైన చిన్న చుక్క మాత్రమే మిగిలి వెంటనే మూసుకుంటుంది. దాని నోట్లో ఉండే పాశ్చురెల్లా అనే సూక్ష్మజీవి ఆ లోతులో ఒక్క రోజులోనే వాపు, చీము తెప్పించగలదు. చేతి వేళ్లలో కీళ్లు, నరాలు చర్మానికి అతి దగ్గరగా ఉంటాయి కాబట్టి చేతి మీది కాటుకు యాంటీబయాటిక్ అవసరమేమో వైద్యుణ్ణి తప్పక అడగాలి. వాచిన చోటు నుంచి ఎర్రని చార పైకి పాకినా, రెండు మూడు వారాల తరువాత చంకలో బిళ్ల కట్టినా, పిల్లి గీరిన లేదా కరిచిన సంగతిని వైద్యుడికి చెప్పడం మరిచిపోకండి, చెప్పకపోతే వారు వేరే జబ్బుల కోసం వెతుకుతారు.

ఇంతకూ బబ్లూ ఎందుకు కరిచింది? "పిచ్చి పట్టిందేమో" అని మీవారు అన్నట్టు రాశారు. మీ వివరాల్లోనే జవాబు ఉంది. అరగంటగా కిటికీ అవతల సన్‌షేడ్ మీద కూర్చున్న వీధి గండుపిల్లిని అది చూస్తోందనీ, తోక లావుగా ఉబ్బిందనీ, గొంతులోంచి సన్నని రొద వస్తోందనీ మీరే రాశారు. ఆ స్థితిలో ఉన్న పిల్లికి తన మీద పడిన చెయ్యి ఎవరిదో తెలియదు. అవతలి శత్రువు మీద తీర్చుకోలేని కోపాన్ని అందిన దాని మీద తీర్చుకుంటుంది. చెవులు వెనక్కి వాలి, కనుపాపలు పెద్దవై, తోక నేలకేసి కొడుతున్న పిల్లిని ఎత్తుకోకూడదని బాబుకు నేర్పండి. కిటికీకి కర్టెన్ వేసి, గదిలో దీపం ఆర్పి, అది పూర్తిగా శాంతించేదాకా, కొన్ని గంటలు పట్టినా సరే, దాన్ని ఒంటరిగా వదిలేయండి.

ఇక మీ మొదటి ప్రశ్నకు వస్తాను. నేను పశుసంవర్ధక శాఖలో చేరిన రోజుల్లో మా ఆసుపత్రికి వచ్చేవి గేదెలు, ఎద్దులు, గొర్రెలు. ఎవరైనా సంచిలో పిల్లిని పెట్టుకుని వస్తే కాంపౌండరు నవ్వు ఆపుకోలేకపోయేవాడు. ఇప్పుడు నగరంలో చూస్తున్న కేసుల్లో చాలా భాగం పిల్లులే. గేదె నెమరు ఆపితే రైతుకు వెంటనే తెలుస్తుంది, కుక్క కుంటుతూ వచ్చి కాళ్ల దగ్గర మూలుగుతుంది, పిల్లి మాత్రం నొప్పిని దాచుకుంటుంది. అది వేటాడే జంతువే గానీ తనకంటే పెద్ద జంతువులకు ఆహారం కూడా. బలహీనత బయటపెట్టుకున్న పిల్లి అడవిలో బతకదు, ఆ స్వభావం మీ ఫ్లాటులోనూ పోలేదు. మీ నాలుగు సంఘటనల్లో మూడింటిని కలిపే మాట ఒకటి ఉంది, మీ ఉత్తరంలో మూడుసార్లు అదే వాక్యం రాశారు: "బాగానే నడుస్తోంది కదా అని పొద్దుటిదాకా చూశాం." పిల్లి నడవడం, కాస్త పాలు తాగడం అది క్షేమంగా ఉందనడానికి సాక్ష్యం కాదు. బీరువా వెనక్కి చేరి పిలిచినా రాకపోవడం, ఒళ్లు నాకి శుభ్రం చేసుకోవడం మానేయడం, మంచం ఎక్కే పిల్లి నేలమీదే కూర్చోవడం, ఇవి దాని మూలుగులు.

బబ్లూ పడిన సంగతి తీసుకుందాం. పడిన వెంటనే కారు కిందికి దూరిందనీ, గంట తరువాత మెట్లెక్కి తనంతట తానే పైకి వచ్చిందనీ, మరునాడు మధ్యాహ్నానికి ఎగశ్వాస మొదలైతే తీసుకువెళ్లారనీ, ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల చుట్టూ గాలి చేరినట్టు తేలిందనీ రాశారు. ఇది అందరికీ తెలియవలసిన సంగతి. పిల్లి గాల్లో తిరిగి కాళ్ల మీద పడుతుందన్న మాట నిజమే, కానీ కాళ్ల మీద పడినంత మాత్రాన దెబ్బ తగలదని అర్థం కాదు. ఛాతీ, గడ్డం నేలకు కొట్టుకుంటాయి. ఊపిరితిత్తి చిల్లుపడి గాలి నెమ్మదిగా బయటికి చేరుతుంది, నోటి పైకప్పు నిలువునా చీలుతుంది, దవడ విరుగుతుంది, మూత్రాశయం పగులుతుంది, ఛాతీకీ పొట్టకూ మధ్యనున్న పొర చినిగి పేగులు పైకి పోతాయి. వీటిలో కొన్ని మొదటి గంటలో బయటపడవు.

న్యూయార్క్‌లోని ఒక పెద్ద జంతు వైద్యశాలకు భవనాల మీది నుంచి పడి వచ్చిన 132 పిల్లుల వివరాలతో 1987లో వెలువడిన పరిశీలన ఒకటి బాగా పేరు పొందింది. చికిత్స పొందిన పిల్లుల్లో దాదాపు 90 శాతం బతికాయి. ఏడో అంతస్తుకు పైనుంచి పడిన వాటికి గాయాలు తగ్గినట్టు కూడా అందులో కనిపించింది. దాన్ని పట్టుకుని "ఎంత ఎత్తు నుంచి పడితే అంత మంచిది" అని ఫోన్లలో తిప్పుతున్న సందేశాన్ని మాత్రం నమ్మకండి. ఆ లెక్కలో ఉన్నవి ఆసుపత్రికి తెచ్చిన పిల్లులు మాత్రమే, అక్కడికక్కడే చనిపోయినవాటిని ఎవరూ ఆసుపత్రికి మోసుకుపోరు. ఆ పరిశీలన నుంచి మనం తీసుకోవలసింది వేరే ఉంది: ఆసుపత్రికి చేరిన ఆ పిల్లుల్లో చాలావాటికి చికిత్స అవసరమైంది.

కాబట్టి మొదటి అంతస్తు దాటి ఎక్కడి నుంచి పడినా, పడిన రోజే పశువైద్యుడికి చూపించాలి. దాన్ని చేతులతో వేలాడదీయకుండా, అట్టపెట్టె అడుగునో ట్రేలోనో దుప్పటి పరిచి, అడ్డంగా జరిపి పడుకోబెట్టి తీసుకువెళ్లాలి. దారిలో దాని పక్కటెముకలు ఎన్నిసార్లు లేచి పడుతున్నాయో నిమిషం పాటు లెక్కపెట్టండి. హాయిగా పడుకున్న పిల్లికి అది ముప్పైకి లోపే ఉంటుంది; నలభై దాటితే ఆందోళన పడాలి. నోరు తెరిచి రొప్పడం కుక్కకు సహజం, పిల్లికి మాత్రం అత్యవసర లక్షణం. పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదిలితే, తెల్లబడిన చోటికి రెండు సెకన్ల లోపు గులాబీ రంగు తిరిగి రావాలి. రాకపోయినా, చిగురు పాలిపోయి లేదా నీలంగా ఉన్నా, అర్ధరాత్రి అయినా ఆగకండి.

బాల్కనీకి మీరు పావురాల వల కట్టించారని రాశారు. పావురాన్ని ఆపడానికి కట్టే సన్నని నైలాన్ వల పిల్లిని ఆపదు, అది పళ్లతో కొరికి రెండు రోజుల్లో తల పట్టేంత సందు చేసుకుంటుంది. కింది అంచున, పిట్టగోడకు వల బిగించిన కొక్కేల మధ్య సాగిన చోట రోజూ ఒకసారి వేలు పెట్టి చూడండి. అక్కడే ముందు తెగుతుంది. నా సలహా అడిగితే కింది నాలుగడుగుల మేరకైనా సన్నటి ఉక్కు జాలీ వేయించడం మంచిది, అద్దె ఇల్లయితే యజమానితో మాట్లాడి చెక్క చట్రానికి బిగించుకోవచ్చు.

మూత్రం బంధించిన సంగతి మీరు రెండు వాక్యాల్లో ముగించారు గానీ, నా దృష్టిలో మీ ఇంట్లో జరిగినవాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది అదే. బబ్లూ ట్రేలో మళ్లీ మళ్లీ కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకం అనుకుని ఆముదం పట్టారు. ఈ పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతుంది, ఎందుకంటే విరేచనం కాక ముక్కే పిల్లీ, మూత్రం రాక ముక్కే పిల్లీ చూడటానికి ఒకే తీరుగా కూర్చుంటాయి. మగ పిల్లి మూత్రనాళం చివరికి వచ్చేసరికి బాగా సన్నబడుతుంది. జిగురూ, సన్నటి స్ఫటికాలూ కలిసి అక్కడ బిరడాలా బిగుసుకుంటే చుక్క కూడా బయటికి రాదు. మూత్రాశయం బత్తాయి కాయంత గట్టిగా తయారవుతుంది, ఒత్తిడి వెనక్కి తన్ని మూత్రపిండాలు పనిచేయడం మానేస్తాయి, రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. పూర్తిగా మూసుకున్న పిల్లి రెండు రోజుల్లో, ఒక్కోసారి అంతకంటే ముందే చనిపోతుంది. ఆడ పిల్లుల్లో నాళం వెడల్పుగా, పొట్టిగా ఉంటుంది కాబట్టి ఇది అరుదు.

మగ పిల్లి గంటలో మూడు నాలుగుసార్లు ట్రేలోకి వెళ్లి ఖాళీగా బయటికి వస్తుంటే, మూత్రద్వారాన్ని అదేపనిగా నాకుతుంటే, ట్రే వదిలి స్నానాల గది గచ్చు మీదో సింకులోనో కూర్చుని ఎర్రటి చుక్క వదిలితే, అరుస్తుంటే, అది తెల్లవారేదాకా ఆగే విషయం కాదు. వాంతి మొదలై, ఒళ్లు చల్లబడి, ఓ మూల పడుకుందంటే ఆట్టే వ్యవధి లేదని అర్థం. పొట్ట నొక్కి మూత్రం తెప్పించాలని ఎవరు సలహా ఇచ్చినా వినకండి, నిండిన మూత్రాశయం చిట్లిపోతుంది. నోట్లో ఆముదం బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, పైగా ఆ పేరుతో విలువైన సమయం పోతుంది. ఆసుపత్రిలో మత్తు ఇచ్చి సన్నటి గొట్టంతో దారి తెరిచి సెలైన్ పెడతారు.

ఇది ఒకసారి వచ్చిన పిల్లికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకని ఇక మీదట ట్రే శుభ్రం చేసే పని ఎవరిదైనా, అందులో కట్టిన ముద్దలు ఎన్ని, ఎంతెంత ఉన్నాయన్నది చూడటం కూడా ఆ పనిలో భాగమే. రెండు పిల్లులకు ఒకే ట్రే పెడితే ఏది ఎవరిదో తెలియదు. పిల్లులు ఎన్నుంటే అంతకు ఒకటి ఎక్కువ ట్రేలు ఉండాలన్నది మేము చెప్పే లెక్క. పొడి గుళికల తిండి ఒక్కటే పెట్టకుండా తడి ఆహారం కలపండి, లేదా ఉప్పు వేయకుండా ఉడికించిన కోడి మాంసంలో ఆ నీళ్లు కూడా పోసి పెట్టండి. నీళ్ల గిన్నెలు తిండి గిన్నెకు దూరంగా రెండు మూడు చోట్ల ఉంచండి. మీ ఇంట్లో సంక్రాంతికి చుట్టాలు దిగిన రోజుల్లోనే ఇది జరగడం కాకతాళీయం కాకపోవచ్చు. ఇంట్లో మార్పు, చప్పుడు, కొత్త మనుషులు ఈ జబ్బును రేపుతాయి. ఆ రోజుల్లో బబ్లూకు ఒక గది విడిగా ఇవ్వడం వైద్యంలో భాగమే అనుకోండి.

తోరం మింగిన సిరి విషయంలో మీరు చేసిన ఒక మంచి పని గురించి ముందు చెప్పాలి. నోటి పక్క నుంచి పసుపు దారం కొస వేలాడుతుంటే అత్తగారు లాగబోయారనీ, మీరు ఆపారనీ రాశారు. అలా ఆపడమే దాన్ని బతికించింది. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతువైపు వంగి ఉంటాయి గనుక నోట్లో పడిన దారాన్ని అది ఉమ్మలేదు, మింగుతూనే పోతుంది. దారం ఒక కొస నాలుక మొదట్లోనో జీర్ణాశయం చివరనో చిక్కుకుంటే, రెండో కొసను పేగు కిందికి తోస్తూ ఉంటుంది. అప్పుడు పేగు ముడతలు ముడతలుగా దారం మీదికి కుచించుకుంటుంది, బిగిసిన దారం పేగు గోడను కోస్తుంది. పైనుంచి లాగినా, వెనుక నుంచి వేలాడుతున్న కొసను లాగినా ఆ కోత పూర్తవుతుంది. కనిపించిన కొసను అలాగే వదిలి ఆసుపత్రికి వెళ్లాలి, విరేచనంలో వస్తుందిలే అని అరటిపండో నూనెనో పెట్టి చూడకూడదు.

దారం మింగినట్టు ఎవరూ చూడకపోయినా, పిల్లి రోజంతా వాంతి చేసుకుంటూ తిండి మానితే నాలుక కింద చూడటం నేర్చుకోండి. ఒకరు పిల్లిని తువ్వాలులో చుట్టి పట్టుకోవాలి. మరొకరు తలను పై నుంచి దవడ ఎముకల దగ్గర పట్టి కొద్దిగా పైకి ఎత్తి, రెండో చేతి వేలితో కింది పళ్లను దించి నోరు తెరిచి, గడ్డం కింద మెత్తని చోట బొటనవేలితో పైకి నొక్కాలి. నాలుక లేచి దాని మొదలు కనిపిస్తుంది. సన్నటి గీతలా దారం అక్కడ చుట్టుకుని ఉంటే కనబడుతుంది. చాలాసార్లు మేము ఎక్స్‌రేకు ముందే రోగం తెలుసుకునేది ఇలాగే. మన ఇళ్లలో తోరం, రాఖీ, పూలదండ కట్టిన దారం, అరటి నార, చీర అంచు జరీ పోగు, కుట్టు మిషన్ దగ్గర దారం ఉన్న సూది, సంక్రాంతికి బాల్కనీలో తెగిపడే మాంజా, ఇవన్నీ పిల్లికి ఆటవస్తువులే. పూజ అయ్యాక నిర్మాల్యాన్ని మూత ఉన్న బుట్టలో వేయండి. ఆ పూల వాసనకూ, పాల వాసనకూ పిల్లి అక్కడికే వస్తుంది.

మీ ఉత్తరం చివర్లో, పడిన రోజు రాత్రి నొప్పి తగ్గుతుందని అత్తగారు జ్వరం మాత్ర సగం విరిచి పాలలో కలపబోయారని ఒక్క ముక్క రాశారు. నాలుగు ఆపదల్లో మీరు లెక్క వేయని ఐదోది అదే, తప్పిపోయింది గనుక సరిపోయింది. పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపే ప్రక్రియ పిల్లి కాలేయంలో దాదాపు లేదు. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పెద్ద పిల్లిని చంపడానికి చాలు. ఎర్ర రక్తకణాలు ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తాయి, చిగుళ్లు మట్టి రంగుకు తిరుగుతాయి, ముఖం, పంజాలు వాస్తాయి. ఎవరైనా ఇచ్చి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా మాత్ర రేకుతో సహా వెళ్లండి, విరుగుడు ఉంది, తొందరగా ఇస్తేనే పనిచేస్తుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ సంగతీ అంతే. మనుషుల నొప్పి మాత్ర ఏదీ, ఎంత చిన్న ముక్కైనా, పిల్లికి పనికిరాదు. కుక్కల గోమార్ల కోసం మెడ మీద వేసే పెర్మెత్రిన్ చుక్కల మందు కూడా పిల్లికి వేస్తే ఒళ్లంతా వణికి మూర్ఛలు వస్తాయి.

విషాల జాబితా పెద్దది, మీ ఇంటికి సంబంధించినవి చెబుతాను. పిల్లి నేల మీదిది నేరుగా తినకపోయినా, పంజాకు అంటినదాన్ని నాకుతుంది. అందుకే నల్ల ఫినాయిల్‌తో తుడిచిన నేల ఆరేదాకా దాన్ని గదిలోకి రానివ్వకండి, చీమల కోసం గీసే చాక్‌పీసు గీతలు మానేయండి, బీరువా అడుగున దొర్లే కలరా ఉండలు తీసేయండి. ఎలుకల మందు విషయంలో, పిల్లి దాన్ని ముట్టకపోయినా ఆ మందు తిన్న ఎలుకను తినవచ్చు. రక్తం గడ్డకట్టనివ్వని రకం మందు అయితే రెండు మూడు రోజుల తరువాత గానీ నీరసం, చిగుళ్లలో రక్తం కనిపించవు. అపార్ట్‌మెంటులో ఎలుకల మందు పెట్టినప్పుడల్లా ఆ పెట్టె ఫొటో తీసి ఉంచుకోండి, ఏ మందో తెలిస్తే వైద్యం సగం సులువవుతుంది. పుట్టినరోజు పూలగుత్తిలో లిల్లీ పూలుంటే వాటిని గుమ్మం దగ్గరే తీసేయండి. రెక్క, ఆకు, పుప్పొడి, కుండీలోని నీళ్లు, ఏది కడుపులోకి పోయినా మూడు రోజుల్లో మూత్రపిండాలు పాడవుతాయి. మల్లెపూలతో ఆ భయం లేదు, వాటి దారంతోనే.

వాషింగ్ మెషిన్ తలుపు మూసే ముందు చెయ్యి పెట్టి చూడటం, దేవుడి దగ్గర దీపం కొండెక్కేదాకా పిల్లిని ఆ గదిలోకి రానివ్వకపోవడం, చలికాలంలో కారు తీసే ముందు బానెట్ మీద రెండుసార్లు చరచడం, ఇవి మీకు తెలిసినవే. పెరుగన్నం గురించి మాత్రం ఒక మాట. అత్తగారు సిరికి పెరుగన్నమే పెడుతున్నారని రాశారు. పిల్లికి టారిన్ అనే పోషకం మాంసం నుంచే రావాలి, దాని శరీరం తగినంత తయారు చేసుకోలేదు. అది లేకపోతే నెలల తరబడి ఏమీ తెలియకుండా గుండె కండరం పలచబడుతుంది, కంటి చూపు పోతుంది. ఈ గుండె జబ్బుకు టారిన్ లోపమే కారణమని 1987లో తేలిన తరువాతే కంపెనీలు పిల్లి తిండిలో దాన్ని తగినంత పెంచాయి. ఇంట్లో మాంసం వండని నియమం ఉంటే కొన్న తిండి పెట్టండి, పెరుగన్నం ఒక ముద్ద ముద్దు కోసం పెట్టుకోవచ్చు.

రాత్రివేళ ఏది ఆగుతుందన్న ప్రశ్న మిగిలింది. ఒక్కసారి వాంతి చేసుకుని తరువాత మామూలుగా ఆడుకునే పిల్లి, కొద్దిగా కుంటుతూనే తిండి తినే పిల్లి, రక్తం ఆగిన చిన్న గీరుడు, వెంట్రుకల ఉండ కక్కడం, తుమ్ములు, ఇవి పొద్దున్న చూపించవచ్చు. పెద్ద పిల్లి ఒక పూట తినకపోతే ఆగవచ్చు గానీ రెండు రోజులు పూర్తిగా మానితే ఆగకూడదు, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుని అదే కొత్త జబ్బు అవుతుంది. హైదరాబాద్‌లో పగటిపూట నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పల్లెల్లో పాడి పశువుల కోసం ఏర్పడినవి, అర్ధరాత్రి పిల్లి కోసం వాటి మీద ఆధారపడవద్దు. రాత్రంతా తెరిచి ఉండే ప్రైవేటు క్లినిక్ మీ ఇంటికి దగ్గరలో ఏదుందో, ఆ సమయంలో డాక్టరు నిజంగా ఉంటారో లేదో ఈ వారంలోనే ఫోన్ చేసి కనుక్కోండి.

చివరగా ఊరికి పంపడం. పిల్లి తన పిల్లల్ని ఏడు ఇళ్లు తిప్పుతుందన్న మాట వినే ఉంటారు, దాన్ని పట్టుకుని ఇల్లు మారడం పిల్లికి లెక్కలేదనుకుంటారు. తల్లి పిల్లి దాచుకునే చోట్లు వెతకడం వేరు, ఫ్లాటులో పెరిగిన పిల్లిని కుక్కలూ, గండుపిల్లులూ, గిడ్డంగుల్లో ఎలుకల మందూ ఉన్న ఊళ్లో వదలడం వేరు. మూత్రం జబ్బు వచ్చిన బబ్లూ అక్కడ ట్రేలో కాక పొలంలో కూర్చుంటుంది, మళ్లీ బంధిస్తే ఎవరి కంటా పడదు. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను: పంపవద్దు.

అత్తగారి అసలు భయం ఆడపడుచు గురించి. గర్భిణికి పిల్లి వల్ల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకుతుందన్న మాట నిజమే, అయితే పిల్లి ఒంటి మీది వెంట్రుకతో అది రాదు. కొత్తగా ఆ క్రిమి సోకిన పిల్లి కొద్ది వారాల పాటు మలంలో వదిలే గుడ్ల ద్వారా వస్తుంది, ఆ గుడ్లు కూడా బయటపడిన ఒకటి నుంచి ఐదు రోజుల తరువాతే సోకే శక్తి తెచ్చుకుంటాయి. కాబట్టి ట్రేను ప్రతి రోజూ, ఆడపడుచు కాకుండా మీరో మీవారో శుభ్రం చేస్తే ఆ దారి మూసుకుంటుంది. పిల్లులకు పచ్చి మాంసం పెట్టకండి. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు గర్భిణికి మీ పిల్లుల కంటే ఎక్కువ ప్రమాదం. ఆమె తన వైద్యురాలికి ఇంట్లో పిల్లులున్నాయని చెప్పి, అవసరమనుకుంటే రక్తపరీక్ష చేయించుకోవచ్చు.

పసిబిడ్డ ఊపిరిని పిల్లి పీల్చేస్తుందన్నది కట్టుకథ, కానీ వెచ్చదనం కోసం ఉయ్యాలలో బిడ్డ ముఖం పక్కన పడుకోవడం జరిగే పనే, అది మాత్రం ఎప్పుడూ జరగకూడదు. పురిటి గదికి దోమతెర తలుపు ఇప్పుడే బిగించి, ఇవాళ్టి నుంచే ఆ గదిని పిల్లులకు మూసి ఉంచండి. బిడ్డ వచ్చాక ఒక్కసారిగా మూస్తే రెండూ వారం రోజుల పాటు తలుపు గీరుతూ బాలింతను నిద్రపోనివ్వవు.